హనుమక్క తోటకు నీళ్ళు ఆపినవాళ్ళతో

పెద్దలారా, అన్నలారా, అక్కలారా. ఇంత ఎండలో రాప్తాడు దాకా వచ్చి ఈ షామియానా కింద కూర్చున్నారు. దండాలు. మన హనుమక్క ఇక లేదు. 

నేను పద్మజను. పుట్టినప్పటి నుంచి నాకు చూపు లేదు. అక్క దగ్గర తోటపని, వంట నేర్చుకుని, ఇప్పుడు అక్కడే నేర్పిస్తున్నాను. మీ ముఖాలు నాకు కనిపించవు. గొంతులు తెలుసు. ఇందాక నాకంటే ముందు మైకు పట్టుకుని ఏడ్చిన గొంతు మరీ బాగా తెలుసు.

బయట ఫ్లెక్సీ మీద ‘దివ్యాంగుల తల్లి’ అని రాయించారట. ఎవరు రాయించారు? బతికుండగా ఆమె ముందు ఆ మాట అన్నారా? “నేనెవురికీ తల్లిని కాదప్పా, పని నేర్పిస్తాండా, అంతే” అనేది.

అక్క కూలికి పోయిన మనిషి. చెనిక్కాయలు ఒలిచే మిషన్లో కుడిచెయ్యి పోయింది. ఇంట్లోవాళ్ళు మూలన కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆ అన్నం ఆమెకు సహించలేదు. చెక్కకు మేకు దిగ్గొట్టి, ఆ మేకుకు ఉల్లిగడ్డ గుచ్చి, ఎడమచేత్తో తరగడం నేర్చుకుంది. తర్వాత కమ్యూనిటీ హాలు వెనక పాడుబడిన షెడ్డు, తోటకని దాని పక్క ఖాళీ జాగా ఊరి కమిటీని అడిగి తీసుకుని మాలాంటివాళ్ళను పిలిచింది. మడకశిర నుంచి, గుమ్మఘట్ట నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళున్నారు.

మా అమ్మ నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. ప్రేమే, కాదనను. అక్క మాత్రం మొదటిరోజే ఉడుకుతున్న సంగటిలో తెడ్డు పెట్టి నా చేతికిచ్చింది. “కాలుతాది పద్మా. కాలితే నీళ్ళు పోస్తా. అంతకు మించి ఏమీ కాదు.” కాలింది. నీళ్ళు పోసింది. మళ్ళీ తెడ్డు చేతికిచ్చింది. ఆ సాయంత్రం నేను కలిపిన సంగటి మా అమ్మకు పెట్టాను. తింది. ఇంకో ముద్ద అడిగింది.

ఓబిలేష్ చక్రాల కుర్చీలో తిరుగుతాడు. నేల మీద మడి అతనికి అందదు. అతనికోసం అక్క నడుమెత్తు బండలు పేర్పించి, మట్టి నింపి, కుర్చీ దూరేంత దారి వదిలించింది. భద్రమ్మకు రెండు పనులు వరసగా గుర్తుండవు. ఆమె ముందు గిన్నెలు వరసగా పెట్టేది. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా వేసుకుంటూ పోతే పప్పు అయిపోతుంది. ఇందులో దయ ఎక్కడుంది? బుర్ర ఉంది. ఓపిక ఉంది.

వికలాంగుల దినోత్సవం గుర్తుందా? పొద్దున్నుంచి మేము వండాం. వేదిక మీది పెద్దలకు హోటలు నుంచి బిర్యానీ పొట్లాలు వచ్చాయి. మా వంట పెట్టిన మూతలు పెట్టినట్టే ఉంది. అయినా ఫోటోకు మమ్మల్ని పక్కన నిలబెట్టుకున్నారు. అక్క వేదికెక్కింది. “మావోళ్ళు వండింది తినలేనోళ్ళు మావోళ్ళ పక్కన నిలబడొద్దు” అని ఫోటో ఆపించింది. మమ్మల్ని ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టి, ఒంటిచేత్తో తనే వడ్డించింది. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? నాకైతే ఒక్క చప్పుడూ వినపడలేదు.

ఆ తర్వాతే మా తోటకు నీళ్ళు ఆగిపోయాయి. మల్లికార్జునన్నా, ఊరి నీళ్ళు వదిలే ఆ కమిటీకి ప్రెసిడెంటు మీరే. “తాగేదానికే నీళ్ళు లేవు, వీళ్ళకు తోట యాలమ్మా?” అన్నది మీరే. ఇందాక ఏడ్చిందీ మీరే. అదే వారం మీ కల్యాణమండపం ముందు పచ్చిక మీద నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు రోడ్డు మీద నడుస్తూ నేను విన్నాను. చూపు లేనిదానికి ఏం తెలుస్తుందిలే అనుకున్నారా?

అక్క ఇల్లిల్లూ తిరిగి అడిగింది. కమిటీతో ఒక్క మాట చెప్పమంది. మీ ఇంటికీ వచ్చింది, మీ ఇంటికీ వచ్చింది. ఎవరూ కాదనలేదు. ఎవరూ చెప్పనూ లేదు. చివరికి దూరపు బోరు నుంచి తనే బిందె మోసింది. ఒక పొద్దున టమాటా మడి పక్కన పడిపోయింది. డాక్టరు గుండె అన్నాడు. మీరు చంపారని నేను అనను. ఆ బిందె ఆమె చంకకెక్కించింది మాత్రం మీరే.

చితి ఆరకముందే షెడ్డుకు మీ కమిటీ తాళం పడింది. ఎరువుల గోడౌనుకు ఇస్తారట. ఈ పొద్దున ఆ తాళం పగలగొట్టాం. ఓబిలేష్ సుత్తి తెచ్చాడు, భద్రమ్మ కొట్టింది, నేను తలుపు తీశాను. రేపటి నుంచి క్లాసులుంటాయి. కేసు పెడతారా? పెట్టండి. ముగ్గురం స్టేషనుకు వస్తాం. అక్కడ మెట్లున్నాయి, ఓబిలేష్‌ను మీరే ఎత్తుకోవాలి.

ఇక అక్కకోసం మౌనం పాటిద్దాం. లేవలేనివాళ్ళు కూర్చునే ఉండండి, మీ గౌరవం ఆమెకు అందుతుంది. మిగతావాళ్ళకు చెబుతున్నాను. ఆమె మీ గడప ముందు నిలబడి నీళ్ళడిగినప్పుడు కూడా మీరు మౌనంగానే ఉన్నారు. మీకు అలవాటైన పనే. ఈసారి లేచి నిలబడి చేయండి.