మూడో స్థాయి మాట

నా పేరు పోలవరపు నాగమల్లేశ్వరి. వయసు నలభై మూడు. సొంతూరు తెనాలి. నోయిడా సెక్టార్ 62లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో భాషా సమీక్షకురాలిని.

కాలేజీ విద్యార్థులు తమ బాధలు చెప్పుకునే ఒక కౌన్సెలింగ్ యాప్‌కు మా కంపెనీ బూతుల జల్లెడ తయారు చేసింది. ప్రతి మాటకూ అర్థం, పుట్టుక రాసి, స్థాయి నిర్ణయించడం మా పని. మొదటి స్థాయి మాట ఉన్నా సందేశం కౌన్సెలర్‌కు వెళ్తుంది. మూడో స్థాయి అయితే వెళ్లదు. ఖాతా మూసుకుపోతుంది. కాలేజీకి నోటీసు వెళ్తుంది.

మార్చి 11 సాయంత్రం ‘క్రాప్’ అనే ఇంగ్లిషు మాట వచ్చింది. పంట అనే మాట కాదు. మొరటుగా మలం అని అర్థం. మామూలుగా ‘చెత్త’ అనడానికి వాడతారు. నేను మొదటి స్థాయి ఇచ్చాను. నాతో పాటు సమీక్ష చేసే విష్ణువర్ధన్ మూడు ఇచ్చాడు. మా లీడ్ రఘువీర్, అది పాయిఖానాలు అమ్మిన ఒక దొర పేరు నుంచి పుట్టిందని చెప్పి మూడే ఖాయం చేశాడు. అది కట్టుకథ అని చెప్పాను. ఆ మాట ఆ దొర కంటే కొన్ని వందల ఏళ్లు పాతది. ధాన్యం నుంచి వేరుచేసిన పొట్టును మొదట అలా పిలిచేవారు.

“మేడమ్, ఇది యూనివర్సిటీ కాదు. ఎక్కువ ఆపితే క్లయింట్ అడగడు. తక్కువ ఆపితే నా మెడకు చుట్టుకుంటుంది,” అన్నాడు రఘువీర్.

ముగ్గురం ‘సమ్మతం’ నొక్కితేగానీ ఫైలు ముగియదు. ఆఫీసు క్యాబ్ ఆరుంపావుకు. అందులో వాళ్లు నాకోసం హారన్ కొడుతున్నారు. నొక్కాను.

ఏప్రిల్ 3న సాత్విక అనే అమ్మాయి ఆ యాప్‌లో రాసింది. వయసు పంతొమ్మిది. నోయిడాలో ఇంజనీరింగ్ రెండో ఏడు. ఈ స్టేషన్ ఎస్సై గారు కంపెనీ రికార్డు నాకు చూపించారు. ‘ఐ ఫీల్ లైక్ క్రాప్. ఎవరైనా ఉన్నారా?’ అని ఉంది. సందేశం ఆగింది. ఖాతా మూసుకుపోయింది. అసభ్య భాష వాడిందని కాలేజీకి నోటీసు వెళ్లింది. రాత్రి భోజనాల దగ్గర వార్డెన్ ఆ నోటీసును అందరి ముందూ చదివింది. తెల్లవారి సాత్విక హాస్టల్ నుంచి వెళ్లిపోయింది. ఐదు రోజులైంది. జాడ లేదు.

ఈ రోజు ఏప్రిల్ 9. పోలీస్ స్టేషన్ వరండాలో ఆమె తండ్రి శ్రీరాములు ఉన్నారు. మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. ఆయనకు హిందీ రాదు. అప్పటికి స్టేషన్‌లో తెలుగు వచ్చినవారు వేరే లేరు. నేను తెలుగుదాన్నని ఎస్సై గారు ఆయనతో మాట్లాడమన్నారు.

“మా బిడ్డ బూతు రాసిందంటుండ్రు. గా మాటకు అర్థం ఏందమ్మా?” అని అడిగారు.

ఇప్పుడు చెత్త అంటారని, మొదట్లో ఊక, పొట్టు అనే అర్థమని చెప్పాను.

“ఊకనా? ముప్పై ఏండ్ల సంది ఊక ఎత్తుతున్న. అండ్ల బూతేమున్నది?”

నేను సమ్మతం నొక్కిన సంగతి ఆయనకు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఆయనే మళ్లీ అన్నారు: “నోటీసు తప్పని బిడ్డ ఫోనుకు రాయుండ్రి, అమ్మా. చూస్తే వస్తది.”

సరే అన్నాను. సాత్విక ఫోను హాస్టల్లోనే దొరికిందని ఆయనకు తెలియదు. నేను ఇది చెబుతున్నప్పుడు ఆ ఫోను ఎస్సై గారి బల్ల మీదే ఉంది.

నేను చెప్పినదాన్ని, తర్వాత డ్యూటీకి వచ్చిన తెలుగు తెలిసిన హెడ్ కానిస్టేబుల్ రాసి, చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇది నిజం. ఎవరి ఒత్తిడీ లేదు.

(సంతకం)
పి. నాగమల్లేశ్వరి