ఉంగరం గ్రహం దాకా

కళ్లెదురుగా కనిపిస్తోంది కదా, వెళ్లడానికేం కష్టం అనకండి మేడమ్. కనిపించడంతోనే వచ్చింది తంటా అంతా. కనిపించకపోతే మా ఆవిడ దాని జోలికే పోయేది కాదు, నేనిలా మీ బల్ల ముందు కూర్చుని తల గోక్కునేవాణ్ణీ కాదు.

తలుపు కాస్త దగ్గరగా వేస్తారా? తను అవతల గదిలో మీ ఎక్సర్‌సైజు సైకిల్ తొక్కుతోంది. చెయ్యి మందగించింది గానీ చెవులు మాత్రం పాముచెవులు.

మీరేమన్నారు ఆ రోజు, తనకి ఫిజియోథెరపీ చేయిస్తూ? “ఊరికే బంతి నొక్కుతూ కూర్చుంటే విసుగొస్తుంది సార్, ఏదైనా వీడియో గేమ్ ఆడించండి. రెండు చేతులూ కదలాలి, చూపు తెరంతా తిరగాలి” అన్నారు. సరే అన్నాను. మా అల్లుడు వచ్చి ముందుగదిలో టీవీకి ఆ పెట్టె తగిలించి, అంతరిక్షంలో ఓడ నడిపే ఆట ఒకటి పెట్టి వెళ్లాడు. “తుపాకులూ శత్రువులూ ఏం లేరు అత్తయ్యా, హాయిగా తిరగడమే” అన్నాడు. హాయట.

మొదలయ్యేది ఒక చిన్న గ్రహం మీద. ఓ గుడిసె, పక్కన ఓడ. ఓడెక్కి పైకి లేస్తే చుట్టూ చీకటి, చుక్కలు. ఎక్కడో దూరంగా, తెల్లగా, ఉంగరం తొడుక్కున్నట్టు ఒక గ్రహం. బఠాణీ గింజంత ఉంటుంది. మా ఆవిడ కుడిచేత్తో దాన్ని చూపించి “అక్కడికి” అంది. ఎవరు వెళ్లమన్నారు? ఎవరూ అనలేదు. వెళితే ఆటలో బహుమతి కూడా లేదు. దగ్గర్లోనే చక్కగా ఒక చందమామ ఉంది, ముందు దాని మీద దిగుదువుగాని అన్నాను. వింటేనా.

రోడ్డు మీద బండి లాంటిది కాదండీ అది. ఒకసారి ముందుకి తోస్తే పోతూనే ఉంటుంది. ఆపాలంటే వెనక్కి తోయాలి. పైగా ఆ గ్రహం ఒకచోట నిలబడి చావదు, అదీ తిరుగుతుంటుంది. సూటిగా గురిపెట్టి బయల్దేరితే, మనం పోయేసరికి అది పక్కకి జరిగిపోయి ఉంటుంది. ఎంతసేపు పోయినా బఠాణీ బఠాణీలాగే ఉంటుంది. ఉండి ఉండి ఒక్కసారిగా తెర నిండా వచ్చి పడుతుంది. అప్పుడిక ఆపే వ్యవధి ఉండదు.

ఇదంతా మామూలు మనుషుల సంగతి. మా ఆవిడకి అసలు ఎడమ పక్కే లేదు కదా.

మీకు నేను చెప్పాలా? స్ట్రోక్ వచ్చిన కొత్తలో కంచంలో కుడి సగం తినేసి అయిపోయిందనేది. నేను కంచం తిప్పి పెడితే “ఇంకా ఉందే” అనేది. తల దువ్వుకుంటే కుడి సగమే. నాది కళ్లద్దాల షాపు కదా, నా కుర్చీలోనే కూర్చోబెట్టి పరీక్ష చేశాను. కళ్లు భేషుగ్గా ఉన్నాయి. అద్దాలు మారిస్తే పోయేదయితే ఎప్పుడో మార్చేసేవాణ్ణి. కళ్లు చూస్తున్నాయి, మెదడే పట్టించుకోవడం లేదని మీరే చెప్పారు.

ఇక ఓడ నడిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాస్త కుడికి ఒరుగుతుంది. గ్రహం జరిగి జరిగి తెర ఎడమ మూలకి పోతుంది. పోయిందంటే మా ఆవిడకి అది లేనట్టే. “ఏదీ?” అంటుంది. ఎడమకి చూడు అంటాను. “లేదే.” ఉంది, ఎడమకి. అప్పుడేం చేస్తుందో తెలుసా? కుడికి తిప్పుతుంది. తిప్పి తిప్పి, ఆకాశమంతా ఒక చుట్టు చుట్టి, అటు నుంచి వచ్చి దాన్ని పట్టుకుంటుంది. “ఇదిగో, ఇక్కడుంటే ఎడమంటారేం” అని నన్నే కసురుతుంది.

నవ్వండి, ఫర్వాలేదు. మా అమ్మాయి కూడా ఫోన్లో పడీ పడీ నవ్వింది. పక్కన కూర్చుని చూసేవాడికి తల ప్రాణం తోకకొస్తుంది.

నేనూ ఊరుకోను కదా. ఎడమ, ఎడమ, ఎడమ అని గొంతు చించుకోవడమే నా పని. ఒకరోజు నిజంగానే దగ్గరికి వెళ్లింది. ఉంగరంలో రాళ్లు కూడా విడివిడిగా కనిపించాయి. నేను కుర్చీలోంచి లేచిపోయి ఆపు ఆపు అని అరిచాను. కంగారులో ఇంకా ముందుకి తోసింది. సర్రున దాటిపోయింది. చూస్తుండగానే వెనక మళ్లీ బఠాణీ గింజ.

తను నా వైపు చూడలేదు. “మీరు షాపుకి వెళ్లండి” అంది.

ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన మనిషండీ. క్లచ్చు మేడమ్ అంటే ఇప్పటికీ సిగ్నల్ దగ్గర అద్దం దించి పలకరిస్తారు. నాకు నేర్పిందీ తనే. నేర్పే కార్లో పక్క సీటు ముందు కూడా బ్రేకు ఉంటుంది, చూశారా? నేను చెత్తబండి మీదకి పోనిస్తున్నా తను దాని మీద కాలు వేసేది కాదు. స్టీరింగ్ మీద చెయ్యీ వేసేది కాదు. “చూసుకోండి” అనేది, అంతే. నేను చెమటలు కక్కుకుంటూ చూసుకునేవాణ్ణి. అలాంటి మనిషి ఇప్పుడు, టీవీ ముందు, ఆ బొమ్మ ఓడతో… సరే, వదిలేయండి.

అసలు సంగతికొస్తాను.

ఆ మధ్య ఒక మధ్యాహ్నం ఓడ సగం దారిలో ఉంది. తనని చూసుకునే ఆయా వచ్చి స్నానానికి తీసుకెళ్లింది. ఆట ఆపడం ఇద్దరూ మర్చిపోయారు. ఓడ దాని మానాన అది కొట్టుకుపోతోంది, గ్రహం ఎడమ మూలకి జారిపోతోంది. గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. కంట్రోలర్ తీసుకున్నాను. నాకు మాత్రం ఏమొచ్చు? అల్లుడు చెప్పిన మీట ఒకటి గుర్తుంది. గ్రహాన్ని గురిపెట్టి అది నొక్కితే ఓడ తనంతట తనే పోతుంది. మా ఆవిడకి మొదటిరోజే చూపించాడు, వద్దంది. నేను నొక్కాను.

ఎంత తేలిగ్గా పోయిందనుకున్నారు. ముక్కు తిప్పుకుంది, పోయింది, ఆగాల్సిన చోట ఆగింది. దించడం మాత్రం నేనే దించాను, కాస్త కుదుపుతో. తెల్లటి నేల. పైన ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆకాశం మీద గీసినట్టు ఉంగరం. నిజం చెబుతున్నాను, ఒళ్లు పులకరించింది నాకు. తనకి చూపించాలనే ఆత్రం తప్ప ఇంకే ఉద్దేశమూ లేదు.

తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. టీవీ ముందుకొచ్చి నిలబడి చూసింది.

“వచ్చేశావు, చూడు” అన్నాను.

“నేను రాలేదు” అంది.

కూర్చుని, నా చేతిలోంచి కంట్రోలర్ తీసుకుంది. ఓడని పైకి లేపింది. తిప్పింది, కుడికే, మొత్తం చుట్టూ. ఏం చేస్తున్నావంటే “వెనక్కి” అంది. ఎక్కడ బయల్దేరిందో ఆ గుడిసె దగ్గరికే, దారి తప్పుతూ, వెతుక్కుంటూ, పొద్దుగూకేదాకా నడిపి తీసుకెళ్లింది. దించేటప్పుడు ఓడ కాలు ఒకటి విరగ్గొట్టుకుంది కూడా. టీవీ ఆపేసింది. మర్నాటి నుంచి ఆ గదికి లోపల గడియ.

గడియ, మేడమ్. పడిపోతే ఎవరు తీస్తారని ఆయా మొత్తుకుంటే, ఆయాని లోపల కూర్చోబెట్టుకుంటోంది. బయట నేనొక్కణ్ణే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయినవారం మీరడిగారు చూడండి, “ఆ గ్రహం చేరారా సార్” అని. తను గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. నేను “చేరింది మేడమ్” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. మీ మొహం వెలిగిపోయింది. “అయితే వచ్చేవారం మా ఆవరణలో కారెక్కించి స్టీరింగ్ పట్టిద్దాం” అన్నారు. అప్పట్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మీ గేటుకి ఎడమ పక్క ఆ స్తంభం ఉంది కదా, అది తనకి కనిపించనే కనిపించదు. నా మాట నమ్మి మీరు తనని కారెక్కిస్తే, రేపేదైనా అయితే ఆ పాపం ఎవరిది? చేరింది తను కాదు. నేనూ కాదు, ఆ మీట. అంచేత కారు ఇవాళ వద్దు. ఇంకొన్నాళ్లు పోనివ్వండి.

ఏంటి?

మీకు తెలుసా? తనే చెప్పిందా, అదే రోజు? పర్సు మర్చిపోయానని వెనక్కి వచ్చింది, అందుకేనా. “ఆయన చేశాడు, నేను కాదు” అందా. అంటుంది, అంటుంది.

తెలిసి కూడా మరి ఆ కారెందుకు కడిగించి బయట పెట్టారు?

చేరిందా? తనే? మీట లేకుండా?

ఎడమకి ఎలా తిప్పింది మరి? ఎర్ర టేపా. టీవీకి ఎడమ అంచున అంటించుకుందా. ముందు టేపు కనిపించేదాకా చూడాలి, ఆ తరవాతే ముందుకి తోయాలి. ఓహో. మీరు చెప్పిన చిట్కాయేనన్నమాట. నాకు చెప్పకూడదా మేడమ్? ఎడమ ఎడమ అని నేనన్నాళ్లు గొంతు పోగొట్టుకున్నాను, ఒక టేపు ముక్క చేసిందా ఆ పని.

ఫొటో ఉందా. ఆయా పంపిందా మీకు. ఇలా ఇవ్వండి ఫోను.

తెల్ల నేలే. అదే ఉంగరం. తీసిన రోజు కూడా పడింది, మొన్న. మొన్న నేను ఇంట్లోనే ఉన్నాను మేడమ్. ఆ తలుపు బయటే కూర్చుని పేపరు చదువుతున్నాను. లోపల ఆయా ఏదో కేక వేస్తే బొద్దింక కాబోలనుకున్నాను. రాత్రి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని భోంచేశాం. కూరలో ఉప్పు తక్కువైందంది. ఇంకేం అనలేదు.

సంతోషం కాదా అంటారేంటి. సంతోషమే. లేకపోవడమేం. కానీ ఒళ్లు కూడా మండుతోంది, మీ దగ్గర దాచడం దేనికి. మీకు తెలుసు, ఆయాకి తెలుసు, మా అమ్మాయికీ తెలిసే ఉంటుంది.

నడపనివ్వండి. కారెక్కించండి. నేను రాను, వెనక సీట్లోకి కూడా రాను. ఇక్కడే ఈ కుర్చీలో కూర్చుంటాను. కిటికీ తెర వేసేయండి.

తను చెప్పేదాకా ఆ సంగతి నాకు తెలియనట్టే ఉంటాను. చెప్పకపోతేనా? చెప్పకపోతే ఏముంది. తెలియనట్టే ఉంటాను.