పటేల్ రాయని ఉత్తరం

1962 జూన్. హైదరాబాద్ నుంచి వచ్చిన సాయంత్రం బండి ధారూర్ స్టేషన్‌లో ఆగింది. కాలేజీ సీటు కోసం ఇంటర్వ్యూకు వెళ్లిన కూతురు దిగగానే, గొర్రెలు కాసే తండ్రి ఎదురు వెళ్లాడు.

“ఏమాయె బిడ్డా? సీటు ఇచ్చిండ్రా?”

“ఇచ్చిండ్రు నాయినా. యూనివర్సిటీ వాళ్లు మార్కుల లెక్కన పేర్లు రాసి బోర్డుకు పెట్టిండ్రు. నలభై మందిల నాది పదకొండో పేరు.”

“మరి మన ఊరి పెద్ద పటేల్ సిఫారసు ఉత్తరం అడగలేదా?”

“లేదు. ఒకాయన కొడుకు కోసమని గసొంటిదే తెచ్చి ఇయ్యవోయిండు. గది మాకు పనికిరాదు, మార్కుల కాయితమే చూస్తమన్నరు. ఇగ మన పటేల్ పోస్టుల పంపిన ఉత్తరం అందిందా అని నేను అడగనే లేదు.”

తండ్రి తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

“పటేల్ రాయనే లేదు బిడ్డా. మూడుసార్లు పోయిన. గొర్లు కాసేటోని బిడ్డకు కాలేజెందుకని ఎల్లగొట్టిండు.”

“పంపిండని నాకు చెప్తివి గద!”

“గట్ల చెప్పకపోతే నువ్వు బండి ఎక్కకపోతుంటివి. పొద్దటి సంది నా పానం నిలువలే. నా అబద్ధంతోని నీ సీటు పోతదేమో అని ఒకటే ఫికర్.”

“పోలే నాయినా. సీటు వచ్చింది.”

“మల్ల ఎన్నడు పోవాలె?”

“సోమారం.”

“నేను గూడ వస్త. గా బోర్డు మీద నీ పేరు చూస్త.”

“నీకు సదవరాదు గద!”

“నువ్వు ఏలు వెట్టి చూపియ్యి. నేను చూస్త.”