సొట్ట లేని బిందె

ఆదోని, 1983 ఎండాకాలం. మార్కెట్ యార్డుకు పోయే దారిలో గఫూర్ సాబ్ స్టీలు సామాన్ల అంగడి. ఎమ్మిగనూరు బస్సు దిగిన తాయమ్మ నేరుగా ఇక్కడికే వచ్చింది.

“అది కాదు సాబూ, ఇంకా పెద్దది తియ్యి.”

“దీనికంటే పెద్దదంటే గంగాళమే తాయమ్మక్కా. పెండ్లికూతురు నీళ్ళు మోసేకా, ఎనుములు కడిగేకా?”

“మోసేకే. దినామూ మోయల్ల. సంకన పెట్టుకున్యప్పుడల్లా నా పేరు నడుముకు గీరుకోవల్ల.”

“ఎవరి నడుముకు? మీ అన్న కూతురు మాదేవి నడుముకా?”

“వాళ్ళమ్మకు! మా వదినకు!”

“బిందె పిల్లతో పాటు హాలహర్వికి పోతాది గదక్కా, అత్తగారింటికి. వాళ్ళమ్మ ఈడనే ఉంటాది.”

“అవును గదా... సరే, గీరుకోకపోతే పాయె. పేరు సన్నంగా కొట్టు. మాట మాత్రం లావుగా కొట్టు.”

“ఏం మాట?”

“సెప్తా. ముందు నీవు సెప్పు, పెండ్లోళ్ళు ఏమేం కావాలన్న్యారు? అందరూ ముందే వచ్చి నీకే గదా సెప్పిపోయేది.”

“సెప్పకపోతే ఎట్లక్కా? ఎవరికి వాళ్ళు జగ్గులే తెస్తారు. పోయినేడు తిక్కయ్య కొడుకు పెండ్లికి జగ్గులు తప్ప ఇంగేమన్నా వచ్చెనా? పాపం, గుగ్గిళ్ళు గూడా జగ్గులోనే ఉడకేసుకుంటాండారు.”

“అందుకే అడుగుతాండా. ఏమేం అయిపోయినాయి?”

“టిపిన్ క్యారియరు సిద్దప్ప తీసుకున్యాడు. ఇడ్లీపాత్ర మీ చిన్నాయన కోడలు. తాంబాళం మిల్లోళ్ళు. మిగిలింది బిందె, పప్పు డబ్బాలు, మీ అన్నకు వక్కాకు పెట్టె.”

“మా యన్నకు గూడానా?”

“పెండ్లికూతురి నాయన గదా. పత్తి సేట్లు ఇంటికొస్తే ముందర పెట్టేకి మంచిదొకటి ఉండల్లంట. ఎవరన్నా అడిగితే సెప్పు సాబూ అని మళ్ళా మళ్ళా వచ్చి సెప్పిపోయినాడు.”

“అయ్యో, నన్నడిగింటే నేనియ్యనా? నోట్లో నాలిక లేనోడు మా యన్న. ఆ యమ్మ నోటికి దడిసి బతుకుతాండాడు. సరే, పేర్లు కొట్టే మిషను తియ్యి. బిందె మీద ఇట్ల కొట్టు. ‘సొట్ట లేని బిందె.’ కింద నా పేరు.”

“ఏమన్న్యావు?”

“సెవుడా? సొట్ట. లేని. బిందె. సదివింపులప్పుడు ఉచ్చీరప్ప మైకులో ఏం సదువుతాడు? సామాను మీద ఏముంటే అదే గదా. సదవనీ! పందిరంతా వినల్ల. మా వదిన మొగం యాడ పెట్టుకుంటాదో నేను సూడల్ల.”

“తోబా తోబా! శుభమా అని పెండ్లి జరుగుతాంటే...”

“శుభమా అని వాళ్ళు కొత్తింట్లో పాలు పొంగించిన పొద్దు నాకేం చేసినారు? నీవు లేవా ఆడ?”

“ఉంటి. పేర్లు కొట్టే మిషను పెట్టుకోని మైకు పక్కనే కూచోనుంటి.”

“మరి వినలేదా? ‘కోసిగి తాయమ్మ, సొట్ట చెంబు!’ చెంబు అంటే సాలదా సాబూ? సొట్ట అని గూడా అనల్నా? అప్పుడు మేము కోసిగిలో ఉంటిమి, వాన లేదు, పంట లేదు. సుగ్గికని ఊరిడిసి కూలికి పోయి, మిరపకాయలు తెంపి తెంపి, చేతి ఏళ్ళు మండి, రేతిరి నిద్ర పట్టక, ఆ కూలితో కొన్న్యా దాన్ని. ఇత్తడిది! వచ్చేటప్పుడు బస్సులో ఎవడో జొన్నమూట దాని మీద ఎత్తేసె. సొట్ట పడింది నాకు తెలీదా? కొంగు కింద దాసుకోనే తెస్తి. ఎవరికీ కనపడకుండా ఇచ్చి, కాళ్ళు కడుక్కోని, మూల కూచుందామనుకుంటి. మా వదిన మైకులో అట్ల అనిపించె. పందిరంతా నవ్వె. ఇప్పుడు మగ్గాలు పెట్టుకోని నాలుగు మెతుకులు తింటాండా, అయినా ఎమ్మిగనూరు బస్టాండులో గూడా నన్ను సూసి, అదో సొట్టచెంబు పోతాంది అంటారు.”

“అనిపించింది మీ వదినే అని నీకెవరు సెప్పిరి?”

“ఎవరు సెప్పేదేంది, మా యన్నే సెప్పె. ఏం చేద్దు తాయీ, నీ వదిన నోరు అట్లాంటిది అని. ఆ పొద్దు నా కోసరం దొడ్లోకి పోయి ఏడ్చినాడంట పాపం.”

“దొడ్లోకా?”

“ఆఁ. ఏం?”

“ఏం లేదు. చాయ్ సెప్పల్నా?”

“చాయ్ వద్దు. మిషను తియ్యి.”

“కరెంటు లేదక్కా.”

“ఫ్యాను తిరుగుతాంది నీ నెత్తిన.”

“...అక్కా, ఒక పని చెయ్యి. ఆ సుత్తి పక్కన చెంబు ఉండాది సూడు. దాన్ని చేతిలోకి తీసుకో.”

“ఏం చెంబు? ఇదా? ఇది... ఇది నాది గదా! నీ తాకు ఎట్లొచ్చె?”

“నిన్న మీ వదిన తెచ్చిచ్చింది.”

“సూస్తివా! సూస్తివా సాబూ! పాతసామాన్లకు ఏసేసింది!”

“పేరు సూడు.”

“యాడ? ‘తా’ ఒకటే ఉండాది... నా పేరు గీకేసింది! ఓయమ్మా, పేరు గూడా ఉండకూడదా నాది? కొట్టు సాబూ, బిందెకు రెండు పక్కలా కొట్టు సొట్ట అని...”

“గీకినేదైతే గీతలుంటాయి గదా. ఏలితో తడిమి సూడు. నున్నగా లేదా? చింతపండు ఏసి దినామూ తోమితేనే ఇత్తడి మీద పేరు అట్ల అరిగేది. మూల పడేసిన చెంబుకు పేరు అరగదక్కా.”

“దినామూనా?”

“పొద్దున లేస్తే వాళ్ళింట్లో నీళ్ళు దాంట్లోనేనంట. మాదేవిని ఏం కావాలే నీకు అని అడిగితే, అన్నీ వచ్చినోళ్ళు ఇస్తారు, నాకు అత్త చెంబు ఇయ్యి సాలు అనిందంట. దానికే మీ వదిన తెచ్చె. పేరు అరిగిపాయె సాబూ, తాయమ్మ అని బాగా కనపడేటట్ల మళ్ళా కొట్టు అనె.”

“మరి సొట్ట?”

“తీసేద్దామని సుత్తి ఎత్తితే వద్దనె. మా యాడబిడ్డ ఇట్లనే ఇచ్చింది, ఇట్లనే ఉండనీ అనె.”

“అట్లయితే... మైకులో? మైకులో అనిపించింది ఎవరు?”

“చాయ్ తాగక్కా.”

“సాబూ.”

“అన్నాచెల్లెళ్ళ నడుమ నేనెందుకు...”

“నీ పీరు మీద ఒట్టు. ఎవరు?”

“ముందర వరసలో పత్తి సేట్లు కూచోనుండిరి. ఉచ్చీరప్ప మొదట చెంబు అనే సదివె. మీ అన్న వంగి వాని సెవిలో ఏమో సెప్పె. వాడు మళ్ళా సదివె, సొట్ట చెంబు అని. సేట్లు నవ్విరి. వాళ్ళకంటే ముందు మీ అన్న నవ్వె.”

“మా వదినో?”

“మైకు గుంజుకునేకి వచ్చింది. మీ అన్నే చెయ్యి పట్టి లోపలికి తోసినాడు.”

“దొడ్లోకి పోయి ఏడ్చినాడంట గదా...”

“దొడ్లో సేట్లకు సోడాలు కొట్టిస్తాండె అక్కా.”

“సోడాలు కొట్టిస్తాండెనా!”

“తాయమ్మక్కా? నీళ్ళన్నా తాగుతావా?”

“బిందె మీద ‘మా మాదేవికి, అత్త’ అని కొట్టు. అంతే.”

“సొట్ట మాట వద్దు గదా?”

“దాని మీద వద్దు. ఈ చెంబు మీద నా పేరు గట్టిగా దిగేటట్ల కొట్టు. పక్కన మా వదిన పేరు గూడా. ఈరమ్మ అని.”

“అల్లా సల్లగా సూస్తాడు నిన్ను! కోపం పాయె, అంతే సాలు.”

“వక్కాకు పెట్టె మిగిలింది అంటివి గదా. తియ్యి.”

“మీ అన్నకా? ఏం మనసక్కా నీది! ఇదో, అద్దం మాదిరి ఉండాది. మొగం సూసుకోవచ్చు.”

“బాగుండాది. పెండ్లికి సేట్లు వస్తారా?”

“రాకేం? ముందర వరస వాళ్ళదే.”

“మైకు ఉచ్చీరప్పదేనా?”

“వానిదే. సామాను మీద ఏముంటే అది సదివేస్తాడు, ముందూ ఎనకా సూడడు.”

“అట్లయితే పెట్టె మీద కొట్టు. ‘మా యన్నకు, సొట్ట వక్కాకు పెట్టె. సెల్లెలు తాయమ్మ.’”

“అక్కా, కొత్త పెట్టె ఇది! దీనికి సొట్ట యాడుండాది?”

“ఉంటాదిలే. ఆ సుత్తి ఇట్లియ్యి.”