ముల్లు నిలబడని లారీ

(యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. బెంగుళూరు కలాసిపాళ్యంలో ఒక మోటారు షెడ్డు. మెకానిక్కు జయరామప్ప లారీ కింద పడుకొని ఉన్నాడు. లారీ ఆసామి, వర్తూరు సొన్నప్ప, పక్కన రేకు డబ్బా మీద కూర్చున్నాడు.)

"ఒక్క మాట మేస్త్రీ. నువ్వు ఒక్క మాట చెప్తే చాలు. దానికోసరం ఇంజనంతా విప్పి ఆరబెట్టే పని లేదు."

"చూడకుండా ఎట్ల చెప్పేది సొన్నప్పా?"

"చూసేకి ఏముండాది? నా తమ్ముడు నంజప్ప తోలినాడు, చెడగొట్టినాడు. రేపు వర్తూరులో పెద్దమనుషులు కూర్చుంటారు. నువ్వొచ్చి, అవునప్పా, తోలినోడు చూసుకోలేదు, అందుకే పోయింది అని చెప్పు. నీ మాట ఎవరూ కాదనరు. మిలిటరీ షెడ్డులో చేసినోడివి."

"చెప్తే ఏమవుతాది?"

"ఏమవుతాది అంటే... వాన్ని వేరు పెడతాము."

"వేరు పెడతారా, బయటికి తోస్తారా?"

"రెండూ ఒగటే, వదిలెయ్యి."

"ఎట్ల ఒగటవుతాదప్పా? వేరు పెట్టేదంటే భాగమిచ్చి పెట్టేది."

"వాని భాగం ఈ లారీలోనే పోయింది. ఇంకేం భాగం? పెండ్లాన్ని పిలుచుకొని కట్టుగుడ్డలతో పోనీ."

"ఆ పొడుగు స్పానరు ఇట్లియ్యి. అది కాదు. దాని పక్కది."

"ఇదిగో. నేను చెప్పేది వింటా ఉండావా లేదా?"

"వింటా ఉండా. ముల్లు ఎప్పటినుంచి పడిపోతా ఉండాది?"

"ఏ ముల్లు?"

"ఏ ముల్లా? స్టీరింగు ముందర గుండ్రంగా అద్దం ఉండాది చూడు, చిన్న గడియారం మాదిరి. దాంట్లో ముల్లు. లోపల ఆయిలు ఎంత జోరుగా పారతా ఉండాదో చెప్పేది అదే. అది లేచి నిలబడితే ఇంజను బతికుండాదని. పడిపోతే ఉండే చోటనే ఆపేయాల. అవతలి మలుపు దాకా పోతాను అనకూడదు."

"నాకు యాడ తెలుస్తాదప్పా అవంతా? తోలేది నేనా? చూసేది వాని పని. కె.ఆర్.పురం స్టేషను దాటినాక లోపల టకటకమనిందంట. ఆపే లోపల గట్టిగా పట్టేసింది. ఇంక కదిలితే ఒట్టు. రెండు జతల ఎద్దులు కట్టి ఈడికి ఈడ్పించినాము. ఓల్డ్ మద్రాసు రోడ్డంతా నిలబడి నవ్వినారు. జర్మనీ వాన్ని గెలిచిన మిలిటరీ లారీకి ఎద్దులంట!"

"నంజప్ప బర్మాలో మూడేండ్లు తోలినాడు గదా. ముల్లు చూడకుండా తోలే చెయ్యి కాదది."

"అదే నేననేది. తెలిసి తెలిసి చెడగొట్టినాడు."

"యాల?"

"కడుపుమంట. కొనేటప్పుడు వద్దన్నాడు. వాని మాట దాటి నేను కొంటిని."

"ఏమని వద్దన్నాడు?"

"ఏదో అన్నాడు."

"ఏదో అంటే?"

"... వేడెక్కితే ముల్లు నిలబడదు అన్నాడు."

"ఇప్పుడే గదప్పా, ఏ ముల్లు అని నన్ను అడిగినావు?"

"నీది మెకానిక్కు పనా, పోలీసు పనా?"

"రెండూ ఒగటే. దొంగ యాడ దాక్కున్నాడో వెతికేదే. ముల్లు పడిపోయిందంటే దానికి నలుగురు దొంగలుంటారు. మొదటోడు, ఆయిలు లేకపోవడం. కడ్డీ పెట్టి చూసినా. గీత దాకా ఉండాది."

"లారీ నిలిచిపోయినాక పోసుంటాడు, మాట పడకుండా."

"కొత్త ఆయిలు తేనె రంగుంటాది. వేలు ముంచి చూడు. కాటుకే గదా?"

"సరే. రెండో దొంగ?"

"జల్లెడ. ఆయిలు పీల్చే చోట సన్న జల్లెడ ఉంటాది. మడ్డి పట్టితే ఆయిలు పైకెక్కదు. ఇదిగో పట్టు. బియ్యం జల్లించుకోవచ్చు, అంత శుద్ధంగా ఉండాది. ఎవరు కడిగినారు దీన్ని?"

"వాడే. పదైదు దినాలకొగసారి దినమంతా లారీ కింద పడుకుంటాడు. అన్నానికి పిలిచినా రాడు."

"మరి చూసుకోలేదంటివే?"

"కడిగేది వేరే, చూసేది వేరే! మాటకు మాట పట్టుకోవద్దు నువ్వు."

"కోపమెందుకప్పా. మూడో దొంగ, ముల్లే అబద్ధం చెప్పడం. అద్దం విప్పి చేతి పంపుతో గాలి కొట్టి చూసినా. కొట్టినంత లేస్తాది, వదిలినంత దిగుతాది. పాపం, అది నిజమే చెప్తా వచ్చింది."

"ఇంక నాలుగోడు?"

"నాలుగోడు ఈ తట్టలో ఉండాడు. ఆయిలు అడుగున చూడు, తళుకుతళుకుమని."

"ఏమది? వెండి పొడి మాదిరి..."

"ఇంజను లోపల బేరింగుల మీద మెత్తటి పూత ఉంటాది. అదే రాలి పొడయింది. బేరింగు అరిగితే సందు పెరుగుతాది, సందు పెరిగితే ఆయిలుకు జోరుండదు, ముల్లు కిందికొస్తాది. ఇది నీ ఇంటికొచ్చి అరిగింది కాదు సొన్నప్పా. అమ్మినోని దగ్గరే అరిగుండాది."

"లేదు లేదు. కొన్న దినం ముల్లు నిక్కబొడుచుకొని ఉండె. నా కండ్లతో చూసినా."

"ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూసింటావు. అమ్మినోడు బంక మాదిరి చిక్కటి ఆయిలు పోసింటాడు. చల్లగా ఉన్నంత సేపు ముల్లు నిలబడతాది. వేడెక్కినాక గదా దాని బతుకు తెలిసేది? పది మైళ్ళు తోలి చూడలేదా?"

"నంజప్ప అడిగినాడు తోలి చూద్దామని."

"మరి?"

"రాహుకాలం వస్తా ఉండె."

"రాహుకాలమా?"

"అది వచ్చే లోపల తాంబూలం మార్చుకోవాల గదప్పా! వీడు పది మైళ్ళు పోయి వచ్చేకి గంట పడుతాది. నేనే వద్దంటిని. ఊరికే మంచి గడియ పోగొట్టుకోవద్దురా అంటిని."

"మంచి గడియలో చచ్చిన ఇంజను తెచ్చుకుంటివి."

"నవ్వు. నువ్వూ నవ్వు. అందుకే ఎవరికీ చెప్పేకి లేదు."

"నవ్వలేదప్పా. రేపు నేనొచ్చి ఇదే చెప్తా. అమ్మినోడు మోసం చేసినాడు, నంజప్ప తప్పేమీ లేదు అని. సరిపోయింది గదా?"

"అయ్యో, అట్ల చెప్పొద్దు! మోసం చేసింది వాడైతే మోసపోయింది నేను గదా? తోట అమ్మి కొంటిని. మా నాయన పెట్టిన కొబ్బరి తోట. నంజప్ప వద్దు వద్దంటా ఉంటే, నీకేం తెలుసురా స్టీరింగు తిప్పేది తప్ప అని పదిమందిలో అంటిని. ఇప్పుడు పోయి ఆ పదిమందిలోనే, వాడు చెప్పిందే నిజమప్పా అనాలనా?"

"అనకపోతే తమ్ముడు పోతాడు."

"అయినా వాని తప్పు లేకుండా లేదు. నువ్వే అంటివి, ముల్లు పడిపోతే ఆపేయాలని. వాడు ఆపలేదే!"

"అది నిజమే."

"ఆ! ఇప్పుడు దారికొచ్చినావు."

"అప్పుడే ఆపుంటే కొత్తగా పూత పోసి బిగిస్తే అయిపోయేది. ముల్లు పడినాక వారాల తరబడి తోలినారు. లోపల శాఫ్టు గీరుకొని గీరుకొని సన్నబడింది. ఇంక దీన్ని ఎవరూ లేపలేరు."

"చెప్పు! అదే చెప్పు రేపు!"

"కానీ ఒగటి అర్థం కాలేదు. జల్లెడ కడిగే మనిషి ముల్లు చూడకుండా ఎట్లుండాడు?"

"అది వాన్నే అడగాల."

"మీరు అడగలేదా?"

"మొన్న అడిగినారు. గంగమ్మ గుడి కాడ అరచేతిలో కర్పూరం వెలిగించి, ముల్లు చూసుకొనే తోలినాను అని ఆర్పి ప్రమాణం చెయ్యమన్నారు. చెయ్యి చాచినాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఎంత అడిగినా నోరు తెరవలే. తప్పు లేనోడు ప్రమాణానికి భయపడతాడా?"

"చూడనోడు చూసినానని ప్రమాణమెట్ల చేస్తాడు?"

"అదే గదా! చూడలేదని వాడే ఒప్పుకున్నట్ల."

"చూడలేదు. సరే. చూడలేదా, చూసేకి కాలేదా?"

"ఏందప్పా నీ మాటలు, ఊరికే తిప్పి తిప్పి అడుగుతావు."

"నాతో రా. పైకెక్కి ఆ అద్దం చూద్దాము."

"విప్పి చూసినానంటివి గదా. బాగుండాదంటివి."

"బాగుండాది. అందుకే అనుమానం. లారీలో ఉండే అద్దాలన్నీ దుమ్ము కొట్టుకొని ఉండాయి. ఇదొగటే తడిగుడ్డతో తుడిచినట్ల మెరుస్తాది."

"ఎవరైనా తుడిచింటారు. అద్దం తుడిచేది కూడా తప్పేనా? నన్నెందుకు చూస్తావు?"

"గుమ్మడికాయల దొంగ అంటే బుజాలు తడుముకుంటావేమప్పా? నేను నీ పేరెత్తలేదే. అద్దం చుట్టూ ఇత్తడి అంచు ఉండాది గదా, దాని సందులో పసుపు ఉండాది. స్క్రూల తలల్లో కూడా."

"శుక్రవారం పూజ చేస్తాము. పసుపు పెడతాము, కుంకం పెడతాము. ఎవరు పెట్టరు?"

"ముల్లు అద్దం మీదనా?"

"దీపాల మీద, స్టీరింగు మీద, అద్దం మీద. అన్నిటికీ పెడతాము."

"దీపాల మీద బొట్లు అట్లనే ఉండాయి. దీని మీదిది ఎవరు చెరిపినారు?"

"ఏమో."

"మన ఇండ్లల్లో పెట్టిన బొట్టు ఎవరూ చెరపరు గదా. దానంతట అది రాలాల్సిందే."

"... చెరపరు."

"నంజప్ప ఎప్పుడైనా చెరిపేకి చూసినాడా?"

"ఒగసారి. ముల్లు కనిపించలేదన్నా అని తడిగుడ్డ ఎత్తినాడు."

"నువ్వేమంటివి?"

"బొట్టు చెరిపేది ఎప్పుడో తెలుసునారా అంటిని. నీ పెండ్లామూ నా పెండ్లామూ ఇంట్లో ముత్తైదువలుగా ఉండారు గదరా అంటిని. వాని మొగం మాడిపోయింది. గుడ్డ కింద పెట్టేసినాడు."

"మళ్ళీ ముట్టలేదా?"

"ముట్టలే."

"ఎన్ని వారాలు తోలినాడు అట్ల?"

"ఆరు."

"ఆరు వారాలు! గుడ్డి గుర్రాన్ని తోలినట్ల తోలినాడు. ఆ బొట్టు పెట్టిందెవరు?"

"నా పెండ్లాము. కదిరమ్మ. ఆడవాళ్ళకు ఏం తెలుస్తాది ముల్లు గిల్లు?"

"కదిరమ్మ ఉంగరం వేలితో పెడతాది గదా?"

"అంతే గదా అందరూ."

"దీపాల మీది బొట్లు చూసినా. చింతగింజంత, ఎంత ముద్దుగా ఉండాయి! ఇది అద్దం నిండా, ఈ అంచు నుంచి ఆ అంచుకు. వేలితో పెట్టింది కాదిది, అరచేత్తో మెత్తింది. ఎవరి చెయ్యి సొన్నప్పా?"

"నేను పోయొస్తా మేస్త్రీ. వర్తూరు దాకా పోవాల."

"కూర్చో."

"ఎండ ఎక్కితే బండి దొరకదు..."

"కూర్చో అప్పా. ఎవరి చెయ్యి?"

"... నాదే."

"ఊ."

"నాదే. మొదటి వారం వైట్‌ఫీల్డు మిట్ట ఎక్కతా ఉండాము. నేను వాని పక్కనే కూర్చోనుండా. వానికి ఎదురుగా గొర్రెల మంద వచ్చింది, వాని చూపంతా గొర్రెల మీద ఉండాది. నా కండ్లు ముల్లు మీద పడె. చూస్తా ఉంటే నిదానంగా పండుకొనేసింది. వాడు చెప్పిందే నిజమయింది. ఇంక వాడొగసారి చూసినాడంటే అక్కడికక్కడ ఆపేస్తాడు. నన్నేమీ అనడు. అనడు, నాకు తెలుసు. కానీ నా మొగం చూస్తాడు గదా? ఊరంతా చూస్తాది గదా? ఒగ పంట దాకా ఎట్లో తిరగనీలే, కూరగాయల బాడుగలు వస్తే నేనే నిదానంగా బాగు చేపిస్తాను అనుకుంటిని. ఆ శుక్రవారం కదిరమ్మ చేతిలో ఉండే పసుపు గిన్నె తీసుకొని నేనే మెత్తినా. లారీ పట్టేసిందని తెలియగానే వచ్చి నేనే తుడిచినా."

"అన్నీ నువ్వే చేసి తమ్ముని చేతిలో కర్పూరం పెట్టించినావా?"

"మా అమ్మ పోయేటప్పటికి వానికి నాలుగేండ్లు మేస్త్రీ. ఈ బుజం మీద ఎక్కించుకొని సంతకు పోతా ఉంటిని. వాడు మిలిటరీకి పోయిన మూడేండ్లు నేను సుఖంగా ఒగ ముద్ద తినలేదు. జాబు రాకపోతే పిచ్చోని మాదిరి పోస్టాఫీసు చుట్టూ తిరిగినా."

"అట్లాంటోన్ని రేపు కట్టుగుడ్డలతో పంపిస్తావా?"

"సిగ్గుతో చచ్చిపోతా ఉండా. కానీ నా నోట రాదప్పా. వాని ముందర, ఊరి ముందర, ఇది నేను చేసినా అని చెప్పేకి నాకు చేతకాదు. నీకు చేతులెత్తి మొక్కుతా, నువ్వు బొట్టు మాట ఎత్తొద్దు. తప్పు వానిదే అని చెప్పేసేయి. గొడవ చల్లారినాక నేనే గుట్టుగా వాన్ని చూసుకుంటా."

"నంజప్ప నిన్న మద్యాన్నం ఈడికొచ్చినాడు."

"నంజప్పా? ఈడికా? యాల వచ్చినాడు?"

"వచ్చి, ఈ రేకు డబ్బా మీదనే కూర్చున్నాడు."

"నా మీద చెప్పినాడా? చెప్పింటాడు. ఏమని చెప్పినాడు?"

"నువ్వు గిన్నె తీసుకొని మెత్తేది వాడు పశువుల కొట్టంలోంచి చూసినాడు. ఎందుకు మెత్తినావో తెలియలేదు వానికి. లారీ పట్టేసినాక, నువ్వు తుడిచేసినాక తెలిసింది."

"తెలుసా వానికి? తెలిసీ ఆ గుడి కాడ నోరెత్తలేదా?"

"ఎత్తితే నీ పేరు చెప్పాల్సి వస్తాది గదప్పా."

"అయితే రేపు చెప్తాడు. నిన్ను సాక్షికి పిలిచేకే వచ్చింటాడు. అంతే గదా? నిజం చెప్పు మేస్త్రీ, నిన్ను ఏమి చెప్పమన్నాడు?"

"మా అన్న పదిమందిలో తల వంచుకుంటే చూడలేను, తప్పంతా నాదే అని చెప్పేసెయ్యి మేస్త్రీ అని, నీకంటే ఒగ దినం ముందే నా కాళ్ళు పట్టుకొని పోయినాడప్పా."