ఊడిన స్టిక్కరు

ఆసుపత్రి స్టోరు గది, మిట్టమధ్యాహ్నం. తుంటి కీలు మార్పించుకున్న అక్క చేతికర్ర ఆనించుకుని గుమ్మంలో నిలబడింది. స్టోరు చూసుకునే తమ్ముడు అట్టపెట్టెల మీంచి తల ఎత్తడం లేదు.

"కూర్చోమంటే వినవేంటక్కా!"

"కూర్చుంటే మళ్లీ లేపడానికి ఇద్దరు కావాలి. ముందు చెప్పు, రిజిస్టరు చూశావా లేదా?"

"చూశాలే. ఫోన్ చేస్తే సరిపోయేదిగా, ఇన్ని మెట్లెక్కి రావాలా?"

"నువ్వు ఎత్తితేగా! మూడు రోజులుగా చేస్తున్నా. ఏముంది అందులో?"

"నీ పేరుంది. తేదీ ఉంది."

"స్టిక్కరు?"

"టీ తెప్పించనా?"

"స్టిక్కరు రా! నాకు పెట్టిన కీలు పెట్టె మీది నంబరు. ఆపరేషనవగానే ఊడదీసి పేరు పక్కన అంటిస్తారని నువ్వేగా చెప్పావు."

"అంటిస్తారు. అంటించారు కూడా. ఊడిపోయినట్టుంది. ఈ గోడ చెమ్మకి..."

"చెమ్మకి నాదొక్కటే ఊడిందా? అదే పేజీలో నా పైవాళ్లదీ కిందవాళ్లదీ చెక్కుచెదరలేదట. మన కేసు లాయరే చూసొచ్చాడు."

"లాయర్లకేం, ఏదో ఒకటి అంటారు."

"ఆ నంబరు లేకపోతే నాకు పెట్టింది ఆ కంపెనీ పాడు సరుకేనని రుజువు చెయ్యలేమంటున్నాడు. రక్తంలో లోహప్పొడి చేరిందిరా. మళ్లీ కోసి తియ్యాలట. నేను నడిస్తే లోపల కిర్రుమంటోంది. మీ బావైతే టీవీ ఆపి మరీ వింటున్నాడు."

"ఊరుకో అక్కా."

"ఊరుకోనా?"

"అది కాదు... అలా నిలబడకు. నాకు తల కొట్టేసినట్టుంది."

"నీకెందుకురా? కీలు నువ్వు చేశావా ఏంటి?"

"నేనే పీకేశా."

"ఏంటి?"

"స్టిక్కరు. నేనే పీకేశానక్కా. ఇదిగో, పర్సులో పెట్టుకుని తిరుగుతున్నా. పారేద్దామంటే చేతులు రాలేదు."

"ఎందుకు పీకావు?"

"ఆ నంబరు ఉత్తరంలో ఉంది కాబట్టి."

"ఎప్పుడొచ్చింది?"

"నీ ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు. ఈ నంబర్లవి వాడొద్దు, వెనక్కి పంపెయ్యండి అని. నేనే సంతకం పెట్టి తీసుకున్నా, నేనే చదివా. పెట్టెలు ఆ మూల విడిగా పెట్టా కూడా. నీ సైజువి అవే ఉన్నాయి. వేరేవి రావాలంటే నెల పడుతుందన్నారు. నువ్వు చూస్తే ఆరు నెలలుగా మంచం మీద ఏడుస్తున్నావు. కంపెనీవాళ్లు ఇలాంటివి రాస్తూనే ఉంటారు, ఏం కాదులే అనుకున్నా. డాక్టరుగారికి ముక్క కూడా చెప్పలేదు. నా చేతుల్తోనే లోపలికి అందించానక్కా."

"ఊఁ."

"తర్వాత ఆసుపత్రివాళ్లు అడిగితే ఉత్తరమే రాలేదన్నా. ఆ సంతకం నాది కాదని రాసిచ్చా. ఘోరం చేశా. ఇది తీసుకెళ్లి మీ లాయరుకివ్వు. ఉద్యోగం పోతే పోనీ, జైల్లో వేస్తే వెయ్యనీ... అక్కా."

"చెప్పు."

"ఏ ఉత్తరమని అడగలేదేంటి నువ్వు?"

"నిన్న కోర్టులో ఆ ఉత్తరం మాట వచ్చింది కాబట్టి. కంపెనీ పంపానంటోంది, ఆసుపత్రి అందలేదంటోంది. అందినట్టు సంతకమున్న కాగితం నా చేతికిచ్చి, ఇది మీ తమ్ముడిదేనా అని అడిగారు. ఔనంటే కేసు మనదే అన్నాడు లాయరు."

"మరి ఇవాళ ఎందుకొచ్చావు?"

"నీ నోటితో వింటానేమోనని."

"నిన్న నువ్వేం చెప్పావక్కా?"

"నీ చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినదాన్ని. ప్రమాణం చేసి మరీ, నీది కాదని చెప్పి వచ్చా."