మన్సూరా గోడెనక పికప్పు

ఏం బండిరా అది సురేందర్, ఫోన్ల గంత సేపటి సంది సూస్తున్నవ్? ఇటు జూపెట్టు. ఓ, ఎనక టైర్లు లావు, ముందర సన్నయి, కడుపు భూమికి ఆనినట్టు. స్ట్రీట్ రాడ్ అంటరు దీన్ని. నాకెట్ల ఎరుకనా? మా ముజఫ్ఫర్ అలీ ఇసొంటిదే చేసిండు గదా, అల్ మన్సూరాల మేం కిరాయికున్న పాత ఇంటి వాకిట్ల. నువ్వింక రాలే అప్పటికి. వరల్డ్ కప్పు ఇక్కడనే ఆడుతరని దోహనంత తవ్విపోసిన దినాలు. ఏ సందుకు పోయినా రోడ్డు బంద్, క్రేన్లు, దుమ్ము. నా డ్యూటీ లుసైల్‌ల, ఆయనది ఇండస్ట్రియల్ ఏరియాల డెంటింగ్ పని. కోరుట్లాయన. మాట తక్వ. ఎంత తక్వంటే, అన్నం కాడ ఉప్పు గావాల్నన్నా లేచి తెచ్చుకుంటడు గని అడుగడు.

ముందుగాల గట్ల లేకుండె. పెండ్లాం తహెరున్నీసా ఉన్నన్ని దినాలు ఫోన్ల ఈయన నవ్వుడు ఇనవడేది. ఆమె పోయింది, కడుపుల గడ్డ లేసి. ఈయన ఊరు జేరేసరికి మట్టిచ్చుడు గూడ అయిపోయింది. మల్ల దోహకచ్చినంక తుక్కు అమ్మేకాడ తిరుగుడు వట్టిండు. మన తాతల కాలం నాటి పికప్పు ఒకటి దొరికింది, అంత తుప్పు. గేటు సిన్నది గదా, విప్పి ముక్కలు ముక్కలుగ తెచ్చిండు. ఒక శుక్కురారం తలుపు, ఇంకో శుక్కురారం బానెట్టు. రేకు కొట్టుడు, అతుకుడు, పైకప్పు కోసి కిందికి దించుడు. పక్కింటోళ్లు ‘యా అఖీ, ఖలాస్’, ఇగ సాలియ్యి తమ్మీ అని మొత్తుకునేది ఆ సప్పుడుకు. ఎవలో గుద్దుకున్న పెద్ద కారు ఇంజన్ తెచ్చి ఎక్కిచ్చిండు. రంగేమో నేరేడుపండు రంగు. ఎందుకు భాయ్ గింత కష్టం అంటే, ఒక్కనాడే చెప్పిండు. పెండ్లైన కొత్తల ఈయన లారీ నడిపేటోడట. తహెరున్నీసాను కాబిన్ల కూసోవెట్టుకొని నిర్మల్ దాంక పోతే, ఇంటికచ్చినంక ఆమె దిగనన్నదట. ‘ఇంకింత దూరం తిప్పుండ్రి’ అన్నదట. అంతే, మల్ల ఆ ముచ్చట ఎత్తలే.

అంత అయినంక సూస్తే ఏముంది, బండి గేటుకంటె ఎడల్పు. మేం నవ్వినం. ఆయన గేటు దిక్కు జూసిండు, బండి దిక్కు జూసిండు, బట్ట తీస్కొని తుడుసుడు వట్టిండు. దినాం డ్యూటీ నుంచి అచ్చి అండ్ల కూసుండేది. జరసేపు ఇంజన్ సాలు జేసేది, బంద్ జేసేది. గట్ల ఏడాది. అటెన్క రోడ్డు ఎడల్పు జేస్తరని ఇల్లు కూలగొట్టుడు మోపైంది. ఇంటి ఓనర్ ముసలి అరబీ అచ్చి, బండి సుట్టు తిరిగి, ‘మా బాపుకు ఇసొంటిదే ఉండె, తీస్కపోయి నా తోటల వెట్టు’ అన్నడు. జేసీబీ గోడ తోసింది, బండి బయటవడ్డది. గని గిట్ల మార్చిన బండికి రోడ్డు పర్మిషన్ ‘మాఫీ’, అంటే లేదన్నరు. రికవరీ బండి పిలిపిచ్చి దాని ఈపు మీదికి ఎక్కిచ్చినం. ముజఫ్ఫర్ తెల్ల కుర్తా ఏసుకొని అచ్చి పికప్పుల కూసున్నడు. పాకిస్తాన్ డ్రైవర్ ‘చాచా, మనా హై’, అండ్ల కూసోవద్దు అన్నడు. ఈయన దిగలే. స్టీరింగ్ పట్టుకున్నడు. మొఖం జూసి ఆ డ్రైవరే ‘యల్లా, బైఠో’, సరే కూసో అన్నడు.

నేను డ్రైవర్ పక్కన కూసున్న, అద్దంల ఎనక కనవడుతుండు. ఆ తోటకు లుసైల్ మీదికెల్లి పోతుంటే కంపెనీ బస్సులల్ల పోరలంత కిటికీలకు అతుక్కొని సూస్తుండ్రు, ఫోన్లు తీస్తుండ్రు. దోహల ఉన్న ఇరవై ఏండ్లల ఆయన దిక్కు గంతమంది సూసింది లేదు. ఆయన ఎవ్వల దిక్కు సూస్తలేడు. మా బండి మలిగితే ఆయన గూడ స్టీరింగ్ తిప్పుతుండు, సూశినవా. ఇండికేటర్ ఏస్తుండు. ఖాళీగున్న పక్క సీటు దిక్కు మర్రి, చెయ్యి సాపి, కడుతున్న స్టేడియం జూపెట్టి ఏదో చెప్పుతుండు.

కప్పు సూడలేదాయన. ముందటేడే ఊరికి పోయిండు, ఆన్నే పానం పోయింది. బండి ఆ తోటల ఉన్నదో, అమ్ముకున్నరో. నేను మల్ల అటు దిక్కు...

ఏసీ జర తగ్గియ్యి బిడ్డా. సలి వెడుతుంది.